ప్రార్థనలో ఉన్నారు

ఆదివారం ఆరాధన తొమ్మిదింటికి. మొదటి గంట ఎనిమిదిన్నరకు కొడతారు. ఆ గంట వేళకు డెబోరా ఇంకా మిషను ముందే కూర్చుని ఎదురింటి మగ్దలీనమ్మ జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. శనివారం పొద్దుగూకేటప్పుడు గుడ్డ తెచ్చిచ్చి, ఆదివారం పొద్దునకల్లా జాకెట్టు కావాలనే మనిషి మగ్దలీనమ్మ. అందులోనూ చేతులకు పైపింగు ఉండాలి. కుదరదంటే ఆ సంగతి పాల పాకెట్లతో పాటు కోవూరు సగం ఊరికి పంచుతుంది.

గంట మోగింది. డెబోరా చేతిలో సూది ఆగిపోయింది.

రెండు పెద్దవి, ఒకటి చిన్నది. మళ్లీ రెండు పెద్దవి, ఒకటి చిన్నది. ఆ చర్చి గంటను అలా కొట్టేవాడు ఊళ్లో ఒక్కడే. ఆమె మామ హెబ్రోను. ముప్పై ఏళ్లు కొట్టాడు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆ పని క్రీస్తుదాసు మీద పడింది. క్రీస్తుదాసు కొడితే గేదె తల విదిలించినట్టు ఉంటుంది. ఇది క్రీస్తుదాసు కొట్టిన గంట కాదు.

జాకెట్టు చేతిలోనే ఉంది. సూది దానికే వేలాడుతోంది. అలాగే చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. చర్చి రెండు సందుల అవతలే. గంట స్తంభం కింద మామ నిలబడి ఉన్నాడు. తాడు మీద పైన ఎడమచెయ్యి కాదు, కుడిచెయ్యి ఉంది. ఐదు వేళ్లూ తాడు చుట్టూ మూసుకుని ఉన్నాయి. ఆ వేళ్ల సంగతి ఆమెకు తెలిసినట్టు వాటి సొంతదారుకైనా తెలియదు. చిటికెన వేలు సంక్రాంతి సెలవుల్లో కదిలింది. చూపుడు వేలు ఈస్టరు దాకా మొండికేసింది. బొటనవేలు పోయిన నెల్లో గానీ దారికి రాలేదు. డెబోరాకు ఏడుపొచ్చింది. జాకెట్టుతోనే కళ్లు తుడుచుకుంది.

ఆ సంతోషం గట్టిగా గంటన్నర కూడా నిలవలేదు.

ఆరాధన మధ్యలో సాక్ష్యాల వేళ పాస్టరు సుశీల్ కుమార్ గారు హెబ్రోనును ముందుకు పిలిచాడు. పాస్టరు చిన్నవాడు. ఈ చర్చికి వచ్చి రెండేళ్లయింది.  హెబ్రోను మైకును కుడిచేత్తో పట్టుకున్నాడు. అది చూసే సగం మంది స్తోత్రం అన్నారు.

"పదకొండు నెల్లు," అన్నాడు హెబ్రోను. "తెల్లారి ఐదు నించి ఆరు దాకా తలుపేసుకున్నా. లోపల ఏం జరిగిందో నాకు తెలుసు, నా దేవుడికి తెలుసు. ఇదిగో చెయ్యి."

నాకు తెలుసు, నా దేవుడికి తెలుసు! ఆ సంగతి తెలిసిన మూడో మనిషి ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని నోరు తెరుచుకుని వింటోంది.

అంతటితో అయిపోలేదు. మగ్దలీనమ్మ లేచి నిలబడింది, పైపింగు జాకెట్టు తొడుక్కుని. తాను సాక్షినని చెప్పింది. రోజూ ఐదున్నరకు పాల పాకెట్టు ఇవ్వడానికి వాళ్లింటికి పోతుందట. రోజూ వెనక గది తలుపేసి ఉండేదట. ఏందన్నా అని పిలిస్తే లోపలి నుంచి "ప్రార్థనలో ఉండాం" అని హెబ్రోను గొంతు వచ్చేదట. ఒక్క రోజు తప్పలేదట. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. డెబోరాకు ఒళ్లు మండింది అందుకే.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా డెబోరా చుట్టూ చేరారు. అంత భక్తిపరుడి ఇంట్లో కోడలిగా ఉండడం ఎంత ధన్యత అన్నారు. ఒకావిడ ఆమె చేతులు పట్టుకుని, నువ్వూ అప్పుడప్పుడు ప్రార్థనలో కూర్చునేదానివా అమ్మా అని అడిగింది.  సొమ్మొకడిది సోకొకడిది అని వాళ్లమ్మ అంటుండేది. ఆ సామెత అర్థం ఆ పూట వంటపట్టింది.

మధ్యాహ్నం హెబ్రోను కుడిచేత్తో తినడానికి కూర్చున్నాడు. డెబోరా అన్నం, పులుసు వడ్డించి ఎదురుగా నిలబడింది. ముద్ద నోటి దాకా పోయేసరికి నాలుగు మెతుకులు జారాయి. బొటనవేలు ఇంకా పూర్తిగా అడ్డం రావడం లేదు. ఇంత కోపంలోనూ ఆమె కళ్లు ఆ వేలి మీదే ఉన్నాయి. దానికి ఇంకో నెల పని ఉంది.

"నాకూ దేవుడికీ తెలుసన్నావే మామా. మరి నేనెవర్ని?"

హెబ్రోను ముద్ద దించాడు. "అంత మందిలో ఏం చెప్పమంటావు? నా కోడలు రోజూ గంట సేపు నా చెయ్యి పట్టుకుని కూర్చునేదని చెప్పమంటావా?"

"పట్టుకుని కూర్చోలా. వంచినా, లాగినా, రుద్దినా."

"అదే," అన్నాడు ఆయన. మళ్లీ ముద్ద కలుపుకున్నాడు.

మామ కూర్చున్న మంచం మీద కోడలు కూర్చోని ఇల్లు అది. పెళ్లయి పన్నెండేళ్లయినా ఆయన చేతికి నేరుగా గ్లాసు అందించేది కాదు, పక్కన పెట్టి జరిగేది. అత్త లేదు. మొగుడు టైటస్ బుచ్చిరెడ్డిపాలెం మిల్లుల నుంచి మద్రాసుకు బియ్యం లారీ తోలతాడు, నెలకు ఎనిమిది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. నెల్లూరు ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే బిందు అనే అమ్మాయి, ఇంట్లో ఇదంతా ఎవరు చేయిస్తారు అని అడిగినప్పుడు డెబోరా నేనే అంది. హెబ్రోను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు తిండి సరిగా తినలేదు. నాలుగో రోజు షరతు పెట్టాడు. తెల్లవారకముందు, తలుపేసి, మూడో కంటికి తెలియకుండా. డెబోరా సరేనంది. చెయ్యి వస్తే చాలు, తలుపు సంగతి ఎవడికి కావాలి అనుకుంది అప్పట్లో.

సోమవారం పొద్దున నుంచే జనం. హెబ్రోను చెయ్యి చూడాలి, పట్టుకోవాలి, తలకు ఆనించుకోవాలి. ఇంట్లో ఉన్న నాలుగు కుర్చీలూ చాలక పక్కింటివి తెచ్చారు. మిషను మీద పెళ్లివాళ్ల ఆరు జాకెట్లు కత్తిరించి ఉన్నాయి. ఒక్క దానికి కూడా చేతులు అతకడం కుదరలేదు. ప్రతి పది నిమిషాలకూ టీ పెట్టాలి. హెబ్రోను వసారాలో కూర్చుని చెయ్యి చాచేవాడు. అడిగిన వాళ్లందరికీ అదే మాట చెప్పేవాడు. రెండో రోజుకు ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కోడలి వైపు చూడడం మానేశాడు.

మంగళవారం పదింటికి వెంకటశేషమ్మ వచ్చింది. బుచ్చి దగ్గర పల్లె వాళ్లు. మూడెకరాలు వరి చేసుకుంటారు. చంకలో ఐదు నెలల పిల్ల, వెనక కూతురు వినీల, ఆటోవాడి చేతిలో పాతిక కిలోల కొత్త బియ్యం మూట. వినీలకు ఇరవై ఆరేళ్లుంటాయి. కాన్పయిన తొమ్మిదో రోజు కుడివైపు పడిపోయింది. కాలు కొంత వచ్చింది. చెయ్యి మాత్రం చున్నీలో చుట్టి పొట్టకు ఆనించుకుని ఉంది. మాట నెమ్మదిగా, ఒక్కోటి వెతుక్కుని వస్తుంది.

వాళ్లు హిందువులు. అయితే ఏం? వెంకటశేషమ్మకు దేవుళ్ల మధ్య తగాదాలు తెలియవు. పెంచలకోన గుడికి పోయొచ్చింది, దర్గాకు పోయొచ్చింది, ఇప్పుడు ఇక్కడికి వచ్చింది. కోవూరులో చుట్టాలింట్లో ఇరవై ఒక్క రోజులు ఉంటారట. రోజూ హెబ్రోను దగ్గరికి వచ్చి, ఆయన చేసినట్టే ప్రార్థన చేయిస్తుందట.

డెబోరా టీ గ్లాసులు అందిస్తూ, వ్యాయామం ఎక్కడ చేయిస్తున్నారు పెద్దమ్మా అని మామూలుగా అడిగింది. నెల్లూరులోనే, వారానికి మూడు సార్లు, ఇంట్లో కూడా చేయించమనేవాళ్లు అని వెంకటశేషమ్మ చెప్పింది. నిన్న పోవాల్సింది. పోలేదు. ఇంక పోరు.

"ఎందుకు?"

"రెండు పడవల మీద కాళ్లు పెడతామా తల్లీ? మొక్కుకున్నాక పూర్తిగా నమ్మాల. ఒక చేత్తో ఆసుపత్రి, ఒక చేత్తో దేవుడంటే ఆయనకి కోపం రాదా?" వెంకటశేషమ్మ గొంతు తగ్గించింది. "అయినా ఆ బాధ నేను చూడలేనమ్మా. వేలు తెరిస్తే బిడ్డ కేకలు పెడతాది. చంటిది కూడా దాంతో పాటే ఏడుస్తాది."

డెబోరా కింద కూర్చుని చున్నీ తీసింది. గుప్పిట బిగుసుకుని ఉంది. బొటనవేలు లోపల ఇరుక్కుంది. అరచేతిలో గోళ్ల గుర్తులు. మణికట్టు అప్పుడే లోపలికి వంగుతోంది. హెబ్రోను చెయ్యి మూడో నెల్లో సరిగ్గా ఇలాగే ఉండేది. మొదటి ఆరు నెలలూ బంగారం లాంటివి, ఆ తర్వాత ఒక్కో రోజుకూ కీలు బిగుస్తుంది అని బిందు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది. వినీలకు ఇది ఐదో నెల. ఇరవై ఒక్క రోజులు ఊరికే కూర్చోబెడితే తర్వాత ఆ వేళ్లు ఎవరి తరమూ కాదు.

ఇక లాభం లేదని డెబోరా వాళ్లిద్దర్నీ వెనక గదిలోకి తీసుకుపోయింది. అంతా చూపించింది. కిటికీ ఊచకు కట్టిన తాడు. పట్టుకుని లాగడానికి. గిన్నెలో చింతపిక్కలు. ఒక్కోటి ఏరి ఇంకో గిన్నెలో వేయడానికి. బల్ల మీద తుండు. అరచెయ్యి ఆనించి ముందుకీ వెనక్కీ తోయడానికి. చపాతీ పిండి ముద్ద చేసి పిసికించడం, వేడినీళ్లలో చెయ్యి నానబెట్టి వేళ్లు ఒక్కోటి విప్పడం, అన్నీ వివరంగా చెప్పింది. లోపల జరిగింది ఇదీ పెద్దమ్మా, చేయించింది నేను, అని కూడా చెప్పింది. ఆసుపత్రి వాళ్లిచ్చిన బొమ్మల కాగితం తీసి చూపించింది.

"ఇట్టాంటి కాగితం మాకూ ఇచ్చినారు," అంది వెంకటశేషమ్మ. ఆమె చూపు గోడ మీది కేలండరు మీద ఉంది. చర్చివాళ్లు పంచిన కేలండరు. ప్రతి తేదీ మీదా డెబోరా గుడ్డ మీద గీసే నీలం పెన్సిలుతో ఒక టిక్కు. ఏ రోజు తప్పినా తెలియాలని పెట్టుకుంది. వెంకటశేషమ్మ దగ్గరికి పోయి ఆ టిక్కుల మీద చెయ్యి ఆనించి కళ్లకు అద్దుకుంది. ఇన్ని ప్రార్థనలా తల్లీ అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంత విసుగు రాదు. వాడు కనీసం శంఖాన్ని కళ్లకు అద్దుకోడు.

బయటికి వచ్చేటప్పుడు వెంకటశేషమ్మ ఎంతో మర్యాదగా ఒక మాట అంది. ఇంటెడు చాకిరీ చేసే ఆడబిడ్డకు ఎవరూ పేరు పెట్టరు, నిజమే, నాకూ తెలుసు, కానీ దేవుడి పేరు మనం తీసుకోకూడదమ్మా. డెబోరాకు చెంప మీద కొట్టినట్టయింది. వినీల గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగి చింతపిక్కల గిన్నె వైపు చూసింది. ఏదో అనబోయింది. మాట దొరికేలోపు తల్లి పిలిచింది.

సాయంత్రం జనం పోయాక డెబోరా మామను నిలదీసింది. తన పేరు ఎవరూ చెప్పనక్కర్లేదంది. తనకు దండలు వద్దంది. ఆ పిల్లకు చంటిబిడ్డ ఉంది, ఆ చెయ్యి పోతే బిడ్డను ఎత్తుకోలేదు. వాళ్లు నా మాట నమ్మరు, నీ మాట నమ్ముతారు. ఒక్క మాట చెప్పు. చెయ్యి పట్టుకుంది కోడలని చెప్పలేకపోతే కొడుకని చెప్పు, ఎవరో ఒకరు, వ్యాయామం చేయించారని మాత్రం చెప్పు.

హెబ్రోను తన అరచెయ్యి చూసుకున్నాడు.

"సంక్రాంతికి ముందు ఆ బిందమ్మ ఏం చెప్పింది? భుజం వచ్చింది, మోచెయ్యి వచ్చింది, వేళ్ల మీద ఆశ పెట్టుకోవద్దనింది. అనిందా లేదా?"

"అనింది."

"మరి నువ్వెందుకు ఆపలా?"

 బిందు ఆ మాట అన్న మర్నాడు కూడా డెబోరాకు ఐదింటికి మెలకువ వచ్చింది. లేచింది. వేడినీళ్లు పెట్టింది. అంతే. ఎందుకో ఆలోచించలేదు. మొండితనం అంది చివరికి.

"నిన్ను లేపినోడెవరో నీకు తెలీదు. నాకు తెలుసు," అన్నాడు ముసలాయన. "గుళ్లో నేను చెప్పింది అదే. నేను అబద్ధమాడలా."

వాదనలో గెలిచినవాడి మొహం కాదు ఆయనది. అయినా డెబోరాకు జాలి కలగలేదు. తిక్కరేగింది. గిన్నెలన్నీ చప్పుడయ్యేటట్టు తోమింది.

బుధవారం పాస్టరు గారి దగ్గరికి పోయింది. ఆయన బండి తుడుచుకుంటూ అంతా విన్నాడు. మధ్యలో తుడవడం ఆపేసి విన్నాడు, అది ఒప్పుకోవాలి. తాను ఎవర్నీ వైద్యం మానమని చెప్పలేదన్నాడు. ఆదివారం ప్రసంగంలో మందులు మానొద్దని ప్రకటన చేస్తానన్నాడు. మందులు కాదు అయ్యగారూ వ్యాయామం అంటే, సరే అదీ చెబుతానన్నాడు. ఆ మాట వెంకటశేషమ్మకు ఎట్లా చేరుతుంది, ఆమె ఆదివారం చర్చికి వస్తుందో రాదో ఆయనకు తెలియదు. ఈ సాక్ష్యం విని కొత్తగా తొమ్మిది కుటుంబాలు వచ్చాయి సిస్టర్, వాళ్ల విశ్వాసం మీద నీళ్లు చల్లినట్టు కాకుండా చూడాలి కదా అన్నాడు. అద్భుతాలకు రుజువులు దొరకవని, దొరికితే ఇక విశ్వాసంతో పనేముందని కూడా అన్నాడు.

"రుజువు ఉండాది అయ్యగారూ. మా కిటికీకి కట్టుండాది. వచ్చి చూడండి."

పాస్టరు నవ్వాడు. పాపం, మంచివాడే. తిట్టడానికి కూడా వీలు లేని మనిషి.

గురువారం మధ్యాహ్నానికి ఆ రుజువుకు కూడా దిక్కు లేకుండా పోయింది. తాడు మూరెడు తగ్గింది. ఎవరో కత్తెరతో నున్నగా కోసుకుపోయారు. కత్తెర కూడా తన మిషను మీదిదే. సాయంత్రం మగ్దలీనమ్మ మనవడి మొలతాడుకు కొత్తగా ఒక పీచు ముక్క కనిపించింది. చింతపిక్కలు కూడా గుప్పెడు పోయాయి. డెబోరా సగమైన గిన్నెను చూస్తూ నిలబడి, ఇంతలో ఏం తోచిందో, పెద్దగా నవ్వింది. తల ప్రాణం తోకకొచ్చినప్పుడు వచ్చే నవ్వు అది. కుట్టాల్సిన జాకెట్లు ఆరు అలాగే ఉన్నాయి.

శుక్రవారం వసారాలో ప్రార్థన పెట్టారు. పది మంది ఆడవాళ్లు. వెంకటశేషమ్మ అందరికంటే ముందు వచ్చి కూతుర్ని హెబ్రోను ఎదురుగా కూర్చోబెట్టింది. ఆయన ఆ కుడిచెయ్యి వినీల గుప్పిట మీద పెట్టాలని ఆమె కోరిక. హెబ్రోను పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. డెబోరా మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది.

వినీల కూడా కళ్లు మూయలేదు. ముసలాయన వేళ్లు తన చేతి మీద కదలడం చూస్తోంది.  ప్రార్థన పొడుగ్గా సాగింది. చివర్లో చాప మీద పడుకోబెట్టిన చంటిపిల్ల లేచి ఏడ్చింది. వినీల అటు వంగింది. ఎడమచేత్తో పిల్ల నడుము కింద పట్టుకుంది. రెండో వైపు ఆనించడానికి కుడిచెయ్యి తేబోయింది. ఆ గుప్పిట రాయిలా పిల్ల పొట్టకు తగిలింది. పిల్ల కేరుమంది. వినీల చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని చున్నీలో దాచేసుకుంది. పక్కావిడ పిల్లను ఎత్తుకుంది.

హెబ్రోను కళ్లు తెరిచి ఉన్నాడు. ఆయన కూడా చూశాడు. ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ రాత్రి ఆయన అన్నం వద్దన్నాడు.

అందరూ పోయాక వెంకటశేషమ్మ ఒక్కతే వంటింట్లోకి వచ్చింది. కళ్లు తుడుచుకుంది. మూడు రోజులుగా తాము కూడా ఐదింటికి లేచి తలుపేసుకుని ఆరు దాకా కూర్చుంటున్నామని, ఒక్క నిమిషం ముందు కూడా లేవడం లేదని చెప్పింది. దీపం పెడుతున్నారు. మాట్లాడుకోవడం లేదు. ఏం చేయాలో తెలియక ఊరికే కూర్చుంటున్నారు.

"ఎక్కడో తప్పు జరుగుతుండాది తల్లీ. తాత లోపల ఎట్టా చేసేవాడో నువ్వు చూసుంటావు గదా. ఆయన్ని అడిగితే ఏం చెప్పడు. నువ్వన్నా చెప్పు. ఆయన ఏం జేసినాడో అది అక్షరం పొల్లు పోకుండా చేయిస్తా. నా బిడ్డ ఏడ్చినా సరే, ఆపను."

డెబోరా నోటి దాకా పాత జవాబే వచ్చింది. నాలుగు రోజులుగా అరిచి చెప్పిందే. లోపల ప్రార్థన లేదు, మన్నూ లేదు, వ్యాయామం పెద్దమ్మా అని. అంటే ఏమవుతుంది? ఈమె మళ్లీ కేలండరును కళ్లకు అద్దుకుని పోతుంది. రేపు మళ్లీ దీపం పెట్టుకుని ఒక గంట ఊరికే కూర్చుంటుంది.

బిడ్డ ఏడ్చినా సరే, ఆపను అందే! మంగళవారం ఆ మాట అనగలిగే మనిషా ఈమె?

డెబోరా చేతులు కొంగుకు తుడుచుకుంది. "చెప్తా పెద్దమ్మా. చెబితే వచ్చేది కాదు, చూడాల. రేపు ఐదింటికి రండి. స్నానం చేసి రండి," అంది. స్నానం సంగతి ఎందుకు చేర్చిందో ఆమెకే తెలియదు. చేర్చాక వెంకటశేషమ్మ మొహంలో వచ్చిన వెలుగు చూసి, చేర్చడమే మంచిదయింది అనుకుంది.

శనివారం తెల్లవారుజామున ఐదింటికి రెండు నిమిషాల ముందే వాళ్లు గుమ్మంలో ఉన్నారు. తడి జుట్టుతో, ఉతికిన బట్టలతో. చంటిపిల్లను చుట్టాలింట్లో వదిలి వచ్చారు. హెబ్రోను తన గది ఖాళీ చేసి వసారాలో కుర్చీ వేసుకున్నాడు. ఏందని అడగలేదు. డెబోరా తలుపేసి గడియ పెట్టింది.

ముందు వేడినీళ్ల గిన్నె. మొదట చేతిని కడగాలి పెద్దమ్మా, ఊరికే కడగడం కాదు, పది నిమిషాలు నీళ్లలోనే ఉండాలి అంది. వెంకటశేషమ్మ తలూపింది. తర్వాత తుండుతో తుడిచి అరచేతిని తన ఒళ్లో పెట్టుకుని, మణికట్టును ముందు లోపలికి వదులు చేసి, బొటనవేలి మొదలు పట్టుకుని మెల్లిగా బయటికి తీసింది. చివర పట్టుకోకూడదు, మొదలు పట్టుకోవాలి. ఒక్కో వేలూ ఇరవై సార్లు. లెక్క తప్పకూడదు, తప్పితే మళ్లీ మొదటి నుంచి.

"ఏ పేరు చెప్పుకోవాల?"

"మీకు ఏ పేరు నోటికొస్తే ఆ పేరు. లెక్క మాత్రం పైకి చెప్పాల."

వెంకటశేషమ్మ ముళ్లు తీసేంత జాగ్రత్తగా వేలు పట్టుకుంది. గోవిందా ఒకటి, గోవిందా రెండు. డెబోరా ఆమె చేతి మీద తన చెయ్యి వేసి ఎంత బలం పెట్టాలో చూపించింది. వినీల పళ్లు బిగించింది. కన్నీళ్లు కారాయి. వెంకటశేషమ్మ చేతులు ఆగబోయాయి.

"కన్నీళ్లొచ్చినప్పుడు ఆపకూడదు. తాతకు కూడా వచ్చేవి," అంది డెబోరా. అది నిజమే.

వినీల తడి కళ్లతో డెబోరాను చూసింది. ఆ పిల్లకు తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది? ఇవే వేళ్లు, ఇవే ఇరవై సార్లు, నాలుగు నెలలు నెల్లూరులో చేసిందే. ఆమె తల్లి మొహం చూసింది. కళ్లు సగం మూసుకుని, పెదాలు కదుపుతూ, జన్మలో మొదటిసారి కూతురి ఏడుపుకు జంకకుండా పని చేస్తున్న తల్లి. వినీల పెదాలు ఎడమవైపు కొద్దిగా సాగాయి. సగం మొహంతో నవ్వింది. నోరు మాత్రం విప్పలేదు.

రోజూ రెండు పూటలా చేయాలని, ఇరవై ఒక్క రోజులతో ఆపకూడదని, తాత పదకొండు నెలలు చేశాడని డెబోరా చెప్పింది. మధ్యలో నెల్లూరు పోయి అక్కడి అమ్మాయికి చెయ్యి చూపించాలి, అది కూడా ఇందులో భాగమే అంది. ఏది చెప్పినా వెంకటశేషమ్మ సరేనంటోంది. ఇంత తేలిగ్గా పోయేదానికి నాలుగు రోజులు గొంతు చించుకున్నందుకు డెబోరాకు తన మీదే చిరాకు వేసింది.

వీధి తలుపు చప్పుడయింది. ఐదున్నర. మగ్దలీనమ్మ పాల పాకెట్టు.

వసారాలో కుర్చీ కిర్రుమంది. హెబ్రోను లేచినట్టున్నాడు. లోపలి ముగ్గురికీ ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది.

"మగ్దలీనమ్మా, ఆగు. నీకొక మాట చెప్పాల. నువ్వు పోయి నలుగురికీ చెప్పు. ఆదివారం నేను గుళ్లో చెప్పింది సగమే. ఆ తలుపు లోపల..."

వెంకటశేషమ్మ చేతులు ఆగిపోయాయి. చూపుడు వేలు పట్టుకుని తల ఎత్తి వింటోంది.

 ఈ మాట కోసమే కదా డెబోరా వారమంతా ఎదురుచూసింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చినా సరిపోయేది, మంగళవారం సాయంత్రం వచ్చినా సరిపోయేది. పదకొండు నెలల పని, ఒక్కో వేలూ, ఒక్కో టిక్కూ, ఈ క్షణంలో ఆమె పేరు మీద రాబోతోంది. ముసలాయన గొంతు ఎంత కష్టపడి ఆ మాట తెస్తోందో వినిపిస్తూనే ఉంది. రానిస్తే పాలు పంచుకుంటూ పోయే మగ్దలీనమ్మ ఏడింటికల్లా కోవూరంతా చేరవేస్తుంది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు.

వెంకటశేషమ్మ పట్టు వదులైంది. వినీల చూపుడు వేలు మెల్లిగా మళ్లీ లోపలికి వంగుతోంది.

"ఏంది మగ్దలీనత్తా అక్కడ మాటలు?" డెబోరా తలుపు వైపు తిరిగి గట్టిగా అరిచింది. "ప్రార్థనలో ఉండాం. పాలు గడప కాడ పెట్టి పో. మామా, నువ్వు కూడా కూర్చో."

బయట మాట ఆగిపోయింది. మగ్దలీనమ్మ స్తోత్రం అనడం వినిపించింది. పాకెట్టు గడప మీద పెట్టిన చప్పుడు, చెప్పులు దూరమైన చప్పుడు. చాలాసేపటికి కుర్చీ మళ్లీ కిర్రుమంది.

డెబోరా కళ్లు మండుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వెంకటశేషమ్మ చేతిని తెచ్చి వేలి మొదట్లో సరిగ్గా పెట్టింది.

"ఎంత దాకా వచ్చినాం పెద్దమ్మా?"

"ఏడు," అంది వెంకటశేషమ్మ.

"ఎనిమిది చెప్పండి."